సొంత కారు ఇంకెన్నాళ్లు? అందరూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు, జవాబులు

కారు విషయంలో మనవాళ్లకు రెండు భయాలు. కొంటే డబ్బు బూడిదలో పోసినట్టవుతుందేమో, కొనకపోతే చుట్టాల్లో చులకనవుతామేమో. బంధువులు, ఆఫీసువాళ్లు, కింది ఫ్లాట్‌వాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎక్కువగా హైదరాబాద్, విజయవాడ, విశాఖలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర సొంత కారు ఇప్పట్లో పోదు. కానీ ఇంటికి రెండో కారు, రోజూ ఒక్కడే ఎక్కి ఆఫీసుకు వెళ్లే కారు మాత్రం తగ్గక తప్పదు. వాటిని తగ్గించేది పెట్రోలు ధర కంటే ముందు పార్కింగ్ జాగా.

## కొనాలా వద్దా అన్న దశలో

ఇంకో పదేళ్లలో సొంత కార్లే ఉండవంటున్నారు, నిజమేనా?

ఆ మాట పుట్టింది ఇంట్లో ప్రతి పెద్దమనిషికీ ఒక కారున్న దేశాల్లో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి ఎనిమిది కుటుంబాలకే కారుంది. బండి మీద ముందొకరు, వెనకొకరు, మధ్యలో పిల్లాడు కూర్చుని వెళ్లే ఇల్లు కారు కోసం చూస్తోంది, కారు వదిలించుకోవడానికి కాదు. కాబట్టి మొత్తం మీద కార్లు పెరుగుతాయి. మాదాపూర్‌లాంటి చోట మాత్రం ఉన్నవాళ్లే తీయడం తగ్గిస్తారు. ఈ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే సమయంలో జరుగుతాయి.

నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే సొంత కారు గిట్టుబాటు?

కాగితం మీద లెక్క వేద్దాం. రోడ్డు మీదకొచ్చేసరికి 10 లక్షలైన కారు ఎనిమిదేళ్లకు 3 లక్షలకు అమ్ముడుపోయిందనుకోండి. పోయింది 7 లక్షలు, అంటే నెలకు దాదాపు రూ.7,300. ఇన్సూరెన్సు, సర్వీసింగ్, టైర్లు, కడిగే అబ్బాయి జీతం కలిపి ఇంకో రూ.3,700 వేసుకుంటే, కారు కదలకపోయినా నెలకు రూ.11,000 పోతున్నట్టు. లోను వడ్డీ ఇందులో కలపలేదు.

లీటరు సుమారు రూ.107, మైలేజీ 15 అనుకుంటే పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయలు. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే మొత్తం కిలోమీటరుకు 29 రూపాయలు పడుతుంది. 800 తిరిగితే 21. 1,200 తిరిగితే 16. క్యాబ్ ధర కిలోమీటరుకు 20, 25 మధ్య ఉంటే లాభనష్టాల గీత నెలకు 700–800 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. అంతకంటే తక్కువ తిరిగేవాళ్లకు కారు సౌకర్యమే తప్ప పొదుపు కాదు. సౌకర్యం కోసం కొనడం తప్పేమీ కాదు, పొదుపు అని ఇంట్లోవాళ్లను నమ్మించడమే తప్పు.

మాది మియాపూర్, ఆఫీసు హైటెక్ సిటీలో. మెట్రో ఉండగా కారెందుకని మా ఆవిడ అంటోంది. ఏమంటారు?

మీ రూటు వరకు మాత్రం ఆవిడ మాట నెగ్గదు. మ్యాపు చూడండి. మియాపూర్‌లో రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ పై అంతస్తుకు ఎక్కి బ్లూ లైన్ పట్టుకుని మళ్లీ పడమటికి రావాలి. కొండాపూర్ మీదుగా రోడ్డున దగ్గర్లో ఉన్న ఆఫీసుకు సగం ఊరు చుట్టి వచ్చినట్టవుతుంది. మీకు హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. రైలు వేళలు మీ షిఫ్టుకు కుదిరితే అంతకంటే చవక దారి లేదు.

అదే ఎల్బీ నగర్, ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లయితే కళ్లు మూసుకుని మెట్రో ఎక్కమంటాను. 2017 నవంబరులో మొదలై, ఇప్పుడు మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లు ఉన్న మెట్రో కొందరికి వరం, కొందరికి ఎదురుగా కనిపించినా పనికిరానిది. ఇల్లు, ఆఫీసు మెట్రోలో చుట్టు తిరగకుండా చేరేలా ఉన్నాయా అన్నదాన్ని బట్టే అంతా. ఇల్లు అద్దెకు వెతికేటప్పుడే ఈ సంగతి చూసుకుంటే కారు గొడవ సగం తీరిపోతుంది.

యాప్ నొక్కితే క్యాబ్ వస్తుంటే సొంత కారు దండగ కదా?

మామూలు రోజు సాయంత్రం ఏడింటికైతే దండగే. వాన పడుతున్నప్పుడు, తెల్లవారుజామున మూడింటికి పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు, పటాన్‌చెరు దాటి లోపలికి వెళ్లాల్సి వచ్చినప్పుడు అడిగి చూడండి. 'క్యాషా, ఆన్‌లైనా? డ్రాప్ ఎక్కడ సార్?' అని ఫోన్ చేసి, చెప్పగానే క్యాన్సిల్ చేయడం అందరికీ అనుభవమే. డ్రైవర్‌ది మరీ తప్పనీ అనలేం. తిరుగు బేరం లేని చోటికి ఖాళీగా వచ్చిపోయే ఖర్చు అతనిదే. రద్దీ వేళ బేస్ ఫేర్‌కు రెండింతల దాకా వసూలు చేసుకోవచ్చని 2025లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు ముందు పరిమితి ఒకటిన్నర రెట్లు. అందుకే రోజువారీ పనులకు క్యాబ్, అత్యవసరానికి ఇంట్లో ఒక పాత కారు అనే పద్ధతి చాలామందికి కుదురుతోంది.

పండక్కి ఊరెళ్లడానికి సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుంటే చాలదా?

చాలు. నంబర్ ప్లేటు మాత్రం చూడండి. చట్టప్రకారం సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు సొంత కారును తెలిసినవాళ్ల ద్వారా అద్దెకు తీసుకుంటే తక్కువకే వస్తుంది, కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ అద్దె సంగతి పట్టుకుని క్లెయిమ్ తిరస్కరించొచ్చు. కారు తీసుకునే ముందు నాలుగు వైపులా, టైర్లు, బంపర్ కింది భాగం సహా వీడియో తీయండి. పాత గీతకు మీ డిపాజిట్ పోకుండా కాపాడేది అదే. సంక్రాంతికి కావాలంటే డిసెంబరులోనే మాట్లాడుకోవాలి.

అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, వాడికీ ఒక కారు కొనాలా?

వద్దు. ఇంట్లో ఉన్న కారు వాడూ నడుపుతాడు. రోజూ తిరగడానికి ఎలక్ట్రిక్ స్కూటర్ కొనివ్వండి. మామూలు ప్లగ్గులో ఛార్జింగ్ అవుతుంది, సెల్లార్‌లో పిల్లర్ పక్కన కాస్త చోటు చాలు. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు ఒక్కటే పార్కింగ్. రెండో కారు గేటు బయట, ఎదురింటివాళ్ల గోడ పక్కన నిలుపుతారు. అక్కడి నుంచి గొడవలే.

పార్కింగ్ చూపిస్తేనే కారు రిజిస్ట్రేషన్ చేస్తారట కదా?

మన రెండు రాష్ట్రాల్లో ఆ నిబంధన లేదు. జపాన్‌లో 1960ల నుంచీ ఉంది. ఇంటికి 2 కిలోమీటర్ల లోపు కారు నిలిపే చోటుందని పోలీసుల నుంచి సర్టిఫికెట్ తేవాలి. అందుకే టోక్యోలో అంత జనం ఉన్నా సందుల్లో రాత్రిపూట కార్లు నిలిపి కనిపించవు. మన దేశంలోనూ ఈ ఆలోచన అప్పుడప్పుడూ లేస్తుంది, వెంటనే చల్లబడుతుంది. వస్తే మొదట పెద్ద నగరాలకే వస్తుందని నా అంచనా. ఫ్లాట్ కొనేవాళ్లు సేల్ డీడ్‌లో పార్కింగ్ నంబరు రాయించుకోవడం ఎందుకైనా మంచిది. నోటిమాట పార్కింగ్‌కు అమ్మేటప్పుడు విలువుండదు.

## ఏ కారు అన్న దశలో

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీయా, హైబ్రిడా, ఈవీయా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఇంటి దగ్గర ఛార్జింగ్ ఉండి రోజూ తిరిగేవాళ్లు ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు. బంకు దగ్గర్లో ఉండి క్యూలో నిలబడే ఓపికుంటే సీఎన్‌జీ. సిటీ ట్రాఫిక్‌లో ఎక్కువ తిరుగుతూ ఛార్జింగ్ దిక్కు లేనివాళ్లు హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్‌కు బ్యాటరీ, మోటారు తోడుండే కారు. ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు హైవేల మీద తిరిగేవాళ్లు డీజిల్. మిగతా అందరూ చిన్న పెట్రోలు కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈవీల మీద 5 శాతమే ఉంది. పెద్ద కార్లు 40 శాతంలోకి వెళ్లినా, పాత సెస్సు ఎత్తేశారు కాబట్టి వాటి ధరలూ చాలావరకు తగ్గాయి.

మాది అపార్ట్‌మెంట్. ఛార్జింగ్ పాయింట్‌కు అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి?

ఈవీ కొనేవాళ్లకు అసలు పరీక్ష ఇదే. కమిటీవాళ్ల భయాలు మూడు: కరెంటు ఎవరి మీటరు మీద పడుతుంది, లోడు తట్టుకుంటుందా, నిప్పంటుకుంటే ఎవరు బాధ్యులు. ఈ మూడింటికీ జవాబు కాగితం మీద పెట్టి తీసుకెళ్తే గొడవ సగం తగ్గుతుంది.

మీ ఫ్లాట్ మీటరు నుంచే కేబుల్ లాగించుకుంటామని రాసివ్వండి. మీటర్ ప్యానెల్ సాధారణంగా సెల్లార్‌లోనే ఉంటుంది కాబట్టి దూరం పెద్దగా ఉండదు. పైపులో వేసిన మంచి రాగి కేబుల్, లోడు ఎక్కువైతే ఆపేసే ఎంసీబీ విడిగా, లీకేజీ అయితే కట్ చేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ బాగాలేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు. వాషింగ్ మెషీన్ కోసం వేసిన పాత వైరుకు పొడిగింపు కలిపి సెల్లార్‌లోకి వేలాడదీసేవాళ్లను చూశాను. అది చూసి కమిటీ భయపడిందంటే న్యాయమే.

15 యాంపియర్ల సాకెట్ దాదాపు 3 కిలోవాట్లు లాగుతుంది. మీ మీటరు మంజూరు లోడు అంతే ఉంటే, రాత్రి ఏసీ, గీజర్ కలిసి పరిమితి దాటుతుంది. డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోవాలి. ఇప్పుడున్న కనెక్షన్ నుంచే సొంత వాహనానికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కాపీ ఒకటి జత చేయండి. అయినా ఒప్పుకోకపోతే ఇంకో ఇద్దరు ఈవీ కొనేవాళ్లను కలుపుకుని జనరల్ బాడీలో పెట్టండి. కారు బుక్ చేశాక ఈ పని మొదలుపెట్టొద్దు, ముందే తేల్చుకోండి.

ఈవీకి కిలోమీటరుకు రూపాయే ఖర్చట. నిజమా, షోరూమ్ మాటా?

రెండూ. చిన్న ఈవీ సిటీలో యూనిట్‌కు 7 కిలోమీటర్ల దాకా ఇస్తుంది. నెలకు 1,000 కిలోమీటర్లకు వృథాతో కలిపి 160 యూనిట్ల దాకా కాలుతుంది. ఇవి మీ ఇంటి వాడకం మీద కలుస్తాయి కాబట్టి పై శ్లాబులో పడతాయి. యూనిట్ 9, 10 రూపాయలు అనుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నరే. ఇంటి మీద సోలార్ ఉంటే ఇంకా తక్కువ. కానీ రోజూ బయట ఫాస్ట్ ఛార్జర్ మీదే ఆధారపడితే యూనిట్‌కు దాదాపు 20, ఆ పైన పడుతుంది. అప్పుడు కిలోమీటరుకు 3 రూపాయలు, పైగా అరగంట పడిగాపులు. అంత అయితే సీఎన్‌జీ కారుతో పెద్ద తేడా ఉండదు.

బ్యాటరీ పోతే కారు పోయినట్టే కదా? మన ఎండలకు ఆగుతుందా?

ఫోన్ బ్యాటరీలా రెండేళ్లకే నీరసించదు. ఎక్కువ కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. మన దగ్గర అమ్ముతున్న చాలా కార్లలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉంటుంది, వేడిని తట్టుకోవడంలో అది మేలు. కొనేటప్పుడు బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఉందా అని అడగండి. మే నెలలో రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం హైవే మీద కాలుతూ వచ్చిన కారుకు వెంటనే ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టడం రోజూ చేయొద్దు.

మన మార్కెట్లో బాగా అమ్ముడుపోయిన మొదటి ఈవీ, టాటా నెక్సాన్ ఈవీ, వచ్చింది 2020 జనవరిలో. ఎనిమిదేళ్లు నిండిన నెక్సాన్ ఈవీ ఇంకా ఎవరి దగ్గరా లేదు. భయం ఎక్కువగా ఉంటే బ్యాటరీ అద్దె పద్ధతి ఉంది. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్‌ను కారు రూ.9.99 లక్షల నుంచి, బ్యాటరీకి కిలోమీటరుకు రూ.3.50 అద్దె అంటూ తెచ్చారు. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలనే షరతు ఇలాంటి ఒప్పందాల్లో ఉంటుంది. తక్కువ తిరిగేవాళ్లకు అక్కడే దెబ్బ.

తెలంగాణలో ఈవీకి రోడ్ ట్యాక్స్ లేదట. మాది గుంటూరు, హైదరాబాద్‌లో బావ పేరు మీద కొనొచ్చా?

2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణలో రిజిస్టర్ అయ్యే ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. అది తెలంగాణలో ఉండేవాళ్ల కోసం. బావ పేరు మీద కొంటే కారు బావది. ఇన్సూరెన్సు, లోను, రేపు అమ్మకం అన్నీ ఆయన సంతకం మీదే నడుస్తాయి. ఆంధ్రలో శాశ్వతంగా తిప్పితే అక్కడికి మార్చుకోవాల్సిందే. చుట్టరికం చల్లగా ఉండాలంటే మీ ఊరి ఆర్టీఏలోనే చేయించుకోండి.

ఈ20 పెట్రోలు వల్ల పాత కారు పాడవుతుందా?

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్ల భాగాలు ఈ20ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. అంతకు ముందువాటిలో రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు సర్వీసింగ్‌లో ఓసారి చూపించుకోండి. నెలల తరబడి నిలిపి ఉంచే కారులో ట్యాంకు నిండా పోసి వదిలేయొద్దు, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

హైడ్రోజన్ కారు వచ్చేదాకా ఆగితే మంచిదా?

ఆగొద్దు. టయోటా మిరాయ్ 2022లో ప్రయోగాత్మకంగా ఢిల్లీలో తిరిగింది, అంతే. మీ ఊళ్లో హైడ్రోజన్ బంకు వచ్చేసరికి మీ మనవడు కారు కొంటుంటాడు. లారీలు, బస్సుల సంగతి వేరు.

## రోడ్డెక్కాక

హైదరాబాద్ నుంచి విజయవాడ, వైజాగ్ ఈవీలో వెళ్లగలమా?

విజయవాడకు హాయిగా వెళ్లొచ్చు. దాదాపు 275 కిలోమీటర్లు, సూర్యాపేట దగ్గర టీ, టిఫిన్ కోసం అందరూ ఎలాగూ ఆగుతారు. ఆ చుట్టుపక్కల ఛార్జర్లున్నాయి. కంపెనీ చెప్పిన రేంజ్‌ను మాత్రం నమ్మొద్దు. వంద స్పీడు, ఏసీ, డిక్కీ నిండా సామాను ఉంటే అందులో మూడింట రెండు వంతులు వస్తే గొప్ప. బయల్దేరేటప్పుడు నిండా ఛార్జ్ చేసుకుని, 30 శాతం ఉండగానే ఛార్జర్ వెతకండి. అక్కడికి వెళ్లాక అది పనిచేయకపోతే తర్వాతి దానికి చేరే శక్తి మిగలాలి.

సంక్రాంతి రద్దీలో కథ వేరు. పంతంగి టోల్‌గేటు దగ్గరే కార్లు బారులు తీరుతాయి, ఛార్జర్ దగ్గర మీ ముందు ఇద్దరుంటే గంటన్నర పోయినట్టే. ఆ రోజు ఎర్లీ మార్నింగ్ బయల్దేరండి, లేదా పెట్రోలు కారున్న తమ్ముడితో కలిసి వెళ్లండి. వైజాగ్ 620 కిలోమీటర్ల దాకా ఉంటుంది, చిన్న ఈవీలో కనీసం మూడు హాల్టులు. ఇద్దరే అయితే 2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఎక్కి కూర్చుంటే సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటల్లో దిగుతారు. అంత దూరానికి రైలే నా ఓటు.

ఫాస్టాగ్ ఏడాది పాస్ మాకు లాభమేనా?

2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు రూ.3,000 పాస్ వచ్చింది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఒక టోల్‌ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడూ దాటాలి కాబట్టి రానూపోనూ ఆరు ట్రిప్పులు. అలా ఏడాదిలో 33 సార్లు వెళ్లిరావచ్చు. రెండు నెలలకోసారి ఊరెళ్లేవాళ్లకు కూడా గిట్టుబాటే. ఇది జాతీయ రహదారులకే, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద టోల్ మామూలుగానే పడుతుంది.

నాన్నగారికి 68. ఊళ్లో కారుంది, ఇక నడపొద్దంటే బాధపడుతున్నారు. ఎలా?

వయసు చూసి కాదు, చూపు, మెడ తిప్పడం, రాత్రి ఎదురు లైట్ల దగ్గర తడబాటు చూసి నిర్ణయించండి. 55 దాటాక లైసెన్సు అయిదేళ్లకోసారే రెన్యువల్ అవుతుంది, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ సందర్భాన్ని వాడుకోండి. మీరు చెప్తే వినని మాట డాక్టరు చెప్తే వింటారు. ముందు రాత్రి ప్రయాణాలు, హైవే మానిపించండి, ఊళ్లో గుడికి, బజారుకు నడపనివ్వండి. దూరం వెళ్లాలంటే యాక్టింగ్ డ్రైవర్‌ను మాట్లాడండి. కారు ఆయనదే, పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే అధికారమూ ఆయనదే. తాళం చెవి దాచేయడం మాత్రం చేయకండి.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక కార్లు తగ్గాయా?

కార్లు తగ్గినట్టు రోడ్డు మీద కనిపించదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాయి. మారింది కారు లేని ఇళ్లలో. పనికి, ఆసుపత్రికి, కూతురి ఊరికి ఎవరినీ అడక్కుండా వెళ్తున్నారు. ఎవరు ఎలా ప్రయాణిస్తారన్న లెక్కలో నాకు కార్లన్నింటికంటే పెద్ద మార్పు ఇదే అనిపిస్తుంది. కార్లవాళ్లు బస్సెక్కాలంటే మాత్రం ఫ్రీ టికెట్ చాలదు, పది నిమిషాలకో బస్సు, ఫుట్‌బోర్డు మీద వేలాడక్కర్లేనంత చోటు కావాలి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 ఎలక్ట్రిక్ బస్సులు నిజంగా రోడ్డెక్కితే అప్పుడు చూడాలి.

## పాత కారు వదిలించుకునేటప్పుడు

పదిహేనేళ్లు నిండితే కారు తుక్కేనా?

పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు గొడవంతా ఢిల్లీ చుట్టుపక్కలది. అక్కడ కూడా 2025 జులై 1 నుంచి పాత బండ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దని పెట్టి, జనం గగ్గోలు పెట్టడంతో రోజుల్లోనే వెనక్కి తగ్గారు. మన దగ్గర పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో అయిదేళ్లు తిప్పుకోవచ్చు. బండి తనిఖీలో పాసవ్వాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. సొంత కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000, ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025లో రూ.10,000 చేశారు. తుక్కుకు ఇవ్వాలనుకుంటే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి. గల్లీ చివర పాత సామాను కొట్టుకు ఇచ్చేస్తే మీ పేరు మీద ఆర్‌సీ బతికే ఉంటుంది, రేపు ఆ నంబరుతో ఏం జరిగినా మీ తలుపే తడతారు.

సెకండ్ హ్యాండ్ ఈవీ సగం ధరకే వస్తోంది, తీసుకోవచ్చా?

బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీస్ సెంటర్ రిపోర్టు చూపిస్తేనే. ట్యాక్సీగా తిరిగిందా, వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. నిండా ఛార్జ్ చేసి, స్వయంగా వంద కిలోమీటర్లు నడిపి ఎంత శాతం తగ్గిందో చూడండి. ఇవన్నీ సరిపోతే, ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవాళ్లకు ఇప్పుడున్న బేరాల్లో ఇదే మంచిది. పడాల్సిన ధర మొదటి యజమాని నెత్తిన పడిపోయింది కదా.

## రేపటి సంగతి

డ్రైవర్ లేని కార్లు మన రోడ్ల మీదకు ఎప్పుడొస్తాయి?

అమెరికాలో ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్‌లో గూగుల్ మాతృసంస్థకు చెందిన వేమో కార్లు డ్రైవర్ లేకుండా జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. అక్కడున్న మన పిల్లలు ఎక్కి వీడియోలు పంపుతున్నారు కూడా. చైనాలో వూహాన్‌లో బైదూ అనే అక్కడి టెక్ కంపెనీ నడుపుతోంది. అన్నీ సాఫీగా లేవు. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాదచారి జనరల్ మోటార్స్‌వాళ్ల క్రూజ్ కంపెనీ కారు కింద ఇరుక్కుని ఈడ్చుకుపోబడ్డాక ఆ కంపెనీ సర్వీసు ఆగింది. మరుసటి ఏడాది చివర్లో జనరల్ మోటార్స్ డబ్బు పెట్టడమే మానేసింది.

మన దగ్గర సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల మీద పరిశోధన చేసే తిహాన్ కేంద్రం ఉంది. 2022లో టెస్ట్ ట్రాక్ మొదలైంది, క్యాంపస్ లోపల డ్రైవర్ లేని చిన్న బస్సులు తిరుగుతున్నాయి. గేటు దాటి ముంబై హైవే మీదకు రావడం వేరే కథ. డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి అలాంటి కార్లను రానివ్వనని కేంద్ర మంత్రి గడ్కరీ పలుమార్లు అన్నారు. ఆ మాట పక్కన పెట్టినా, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు, డివైడర్ సందులోంచి దూరే గేదె, లారీవాడి చేతి సైగ — వీటిని చదవగలిగే కారు ఇంకా రాలేదు. విమానాశ్రయం, ఐటీ పార్కు లోపల, గేటెడ్ కమ్యూనిటీలో చిన్న బస్సులుగా మొదలవుతాయని నా ఊహ.

ఇప్పుడు కార్లలో వస్తున్న ఏడాస్ (కెమెరాలు, సెన్సర్లతో లేన్, బ్రేకు చూసుకునే ఏర్పాటు) డ్రైవర్‌కు సాయం మాత్రమే. స్టీరింగ్ మీంచి చేతులు తీసేయడానికి కాదు. లేన్ గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద అది తికమకపడుతుంది, సిటీలో హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనక ఆటోవాడు వచ్చి గుద్దుతాడు.

న్యూయార్క్‌లో కారు లోపలికి తెస్తేనే డబ్బు కట్టాలని మా న్యూజెర్సీ మరిది చెప్పాడు. ఇక్కడా పెడతారా?

అక్కడ 2025 జనవరి 5 నుంచి మన్‌హట్టన్ కింది భాగంలోకి పగటిపూట కారు తెస్తే 9 డాలర్లు. లండన్‌లో 2003 నుంచే ఉంది. సింగపూర్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ కారు కొనాలంటే ముందు వేలంలో పదేళ్ల అనుమతి పత్రం కొనుక్కోవాలి. దాని ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. ఆ ఊళ్లన్నింటికీ ఒక పోలిక ఉంది: కారు వద్దంటే ఎక్కడానికి రైలు ఉంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజగుట్ట చుట్టూ రేపే రుసుము పెడితే జనం ఏం ఎక్కి వెళ్లాలి? మెట్రో లైన్లు, బస్సులు పెరగకుండా అది పెడితే పన్నే తప్ప పరిష్కారం కాదు. దానికంటే ముందు రోడ్డు పక్క పార్కింగ్‌కు గట్టిగా రుసుము వసూలు చేయడం మొదలవ్వొచ్చు. నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది. పదహారు లక్షల కారును ఫుట్‌పాత్ మీద ఉచితంగా నిలిపి, నడిచేవాళ్లను రోడ్డు మీదకు దింపుతున్నాం.

ఎగిరే ట్యాక్సీలు?

జర్మనీ కంపెనీ వోలోకాప్టర్ 2024 ఒలింపిక్స్‌లో పారిస్ మీద జనాన్ని ఎగరేస్తామంది, అనుమతి సమయానికి రాలేదు. ఆ ఏడాది చివరికి దివాలా అర్జీ పెట్టింది. మీరు ఓఆర్‌ఆర్ ఎక్కండి.

ఇప్పుడు నాలుగేళ్ల పిల్లకు రేపు డ్రైవింగ్ అవసరమవుతుందా?

అవుతుంది. తనకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి గేరు మార్చడం అక్కర్లేకపోవచ్చు, కారు తన పేరు మీద ఉండకపోవచ్చు. కానీ అద్దె కారైనా, ఆఫీసు కారైనా, మీ పాత కారైనా అర్ధరాత్రి ఎవరో ఒకరు నడపాలి. అంతకంటే ముందు సైకిల్ నేర్పండి, తర్వాత సిటీ బస్సులో ఒంటరిగా వెళ్లి రావడం నేర్పండి. బోర్డు చదవడం, ఏ స్టాపులో దిగాలో కండక్టర్‌ను అడగడం, మెట్రోలో అమీర్‌పేట దగ్గర సరైన ప్లాట్‌ఫాం వెతుక్కోవడం వచ్చిన పిల్లకు కాలేజీలో చేరిన మొదటి రోజే స్కూటర్ కొనివ్వక్కర్లేదు.